మంచు తక్కువగా ఉంటే సేఫ్ అనుకుంటున్నారా? చలికాలం ట్రెక్‌కి ముందు ఇవి తెలుసుకోండి

నెల్లూరు: బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే మైపాడు, ఇస్కపల్లి తీరాల్లో పడవలు ఒడ్డెక్కుతాయి. కృష్ణపట్నం పోర్టులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో అందరూ ఆరా తీస్తారు. వేట లేకపోతే ఆ రోజు ఇల్లు గడవడం కష్టమే. అయినా సముద్రం తీరు తెలిసినవాళ్లు కాబట్టి ఆగుతారు.

ఇదే జిల్లా యువత ఇప్పుడు డిసెంబర్ సెలవులకు ఉత్తరాఖండ్, హిమాచల్ ట్రెక్కులు బుక్ చేసుకుంటోంది. సముద్రానికి ఉన్నట్టే మంచు కొండలకూ హెచ్చరికలు ఉంటాయన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

నెల్లూరుకు తెలిసిన విషాదం

పర్వతాల పేరెత్తితే ఈ జిల్లాకు మొదట గుర్తొచ్చేది మల్లి మస్తాన్ బాబు. సంగం మండలం గాంధీజనసంఘం ఆయన సొంతూరు. 2006లో ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కేశారు. అంతటి అనుభవజ్ఞుడు 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా శిఖరం వైపు వెళ్లి, ప్రతికూల వాతావరణంలో చిక్కుకుని తిరిగి రాలేదు. ఏప్రిల్ మొదటి వారంలో ఆయన మృతదేహం దొరికింది.

ఆయన ప్రాణం తీసింది హిమపాతం కాదు. కానీ కొండ మీద వాతావరణం తిరగబడితే ఎంత అనుభవమైనా చాలదని ఆ ఘటన చెప్పింది. మరి మొదటిసారి వెళ్లేవాళ్ల సంగతేంటి?

సీజన్ మొదట్లోనే ఎందుకు డేంజర్?

2022 అక్టోబర్ 4. ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా-2 పర్వతంపై హిమపాతం విరుచుకుపడింది. ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ బృందం అందులో చిక్కుకుంది. 27 మంది మృతదేహాలను వెలికితీశారు. ఇంకా చలికాలం కూడా రాలేదు. వాళ్లు శిక్షణ కోసం వెళ్లినవాళ్లు, వెంట శిక్షకులూ ఉన్నారు.

మంచు తక్కువ ఉంటే ముప్పూ తక్కువే అనుకోవడం పొరపాటు. కారణం ఇదీ. మంచు అడుగున నేల దాదాపు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. పైన గాలి మైనస్ 10, మైనస్ 15కి పడిపోతుంది. మంచు పొర పలచగా ఉన్నప్పుడు ఇంత తేడా కొద్ది అంగుళాల్లోనే ఇరుక్కుంటుంది. దాంతో అడుగు మంచు ఒకదానికొకటి అతుక్కోని పెద్ద పలుకులుగా మారిపోతుంది. ఇస్కపల్లి ఉప్పు మడుల దగ్గర కల్లుప్పు కుప్ప ఎలా జారుతుందో అలాగన్నమాట.

తర్వాత కొత్త మంచు కురుస్తుంది. గాలి దాన్ని గట్టి పలకలా పేరుస్తుంది. కింద కల్లుప్పు, పైన పలక. ఒక మనిషి బరువు పడితే చాలు, వాలు మొత్తం ఒక్కసారిగా కదిలిపోవచ్చు. మనుషులు చిక్కుకున్న హిమపాతాల్లో ఎక్కువ భాగం వాళ్ల అడుగు వల్లో, తోటివాళ్ల అడుగు వల్లో మొదలైనవే.

ఇలా కనిపిస్తే ఆగిపోండి

– 30 నుంచి 45 డిగ్రీల వాలు అత్యంత ప్రమాదకరం. చాలా ఫోన్లలో వాలు కొలిచే యాప్ వాడుకోవచ్చు.
– గత ఒకటి రెండు రోజుల్లో భారీగా మంచు కురిసినా, బలమైన గాలులు వీచినా, ఒక్కసారిగా ఎండ పెరిగినా ముప్పు ఎక్కువ.
– అడుగు వేస్తే ‘దబ్’మని బోలు శబ్దం రావడం, మంచులో బీటలు పరుచుకోవడం, పక్క వాలుపై తాజాగా మంచు జారిన గుర్తులు కనిపించడం... ఇవి కొండ ఇచ్చే ప్రమాద సూచికలు.
– మీరు నడిచేది చదునైన చోటే అయినా, పైన నిటారు వాలు ఉంటే కింద టెంట్ వేయకూడదు, ఆగి సెల్ఫీలు దిగకూడదు.
– అనుమానం ఉన్న వాలును గుంపుగా దాటొద్దు. ఒక్కొక్కరుగా దాటాలి, మిగతావాళ్లు సురక్షితమైన చోట నిలబడి చూస్తుండాలి.

మంచులో కూరుకుపోయిన మనిషికి మొదటి 10-15 నిమిషాలే కీలకం. హెలికాప్టర్ వచ్చేలోపు ఆ సమయం దాటిపోతుంది. కాపాడాల్సింది పక్కనున్నవాళ్లే. అందుకే అలాంటి దారుల్లో వెళ్లేవాళ్లందరి దగ్గరా సిగ్నల్ ఇచ్చే బీకన్, మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార ఉండాలి. వాడటం ముందే నేర్చుకోవాలి.

అసలు సమస్య ఎక్కడ?

హెచ్చరికలు లేక కాదు. చండీగఢ్‌లోని డీఆర్‌డీవో సంస్థ డీజీఆర్ఈ హిమాలయ ప్రాంతాలకు హిమపాత బులెటిన్లు ఇస్తోంది. వాతావరణ శాఖ అలర్ట్‌లు ఉండనే ఉన్నాయి. ఇబ్బందల్లా వెనక్కి తిరగడంలోనే. మత్స్యకారుడికి ఇవాళ కాకపోతే ఎల్లుండి సముద్రం ఉంటుంది. ట్రెక్కర్‌కి ఉండేది ఆరు రోజుల ప్యాకేజీ. డబ్బు కట్టేశాం, లీవు పెట్టేశాం, రిటర్న్ ట్రైన్ టికెట్ ఉంది అన్న ఆలోచనే ముందుకు నెడుతుంది.

కాబట్టి బుక్ చేసేటప్పుడే నిర్వాహకులను మూడు ప్రశ్నలు అడగండి. రోజూ హిమపాత బులెటిన్ చూస్తారా? దారి బాగోలేకపోతే ఆపే నిర్ణయం ఎవరిది? ఆపేస్తే డబ్బు సంగతేంటి? వీటికి సూటిగా జవాబు రాకపోతే ఆ ట్రెక్‌కి వెళ్లొద్దు. ప్లాన్‌లో ఒక రోజు అదనంగా పెట్టుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు దిగుతారో ఇంట్లో రాసిచ్చి వెళ్లండి.