బడిపంతులు ఎరుక, కళాశాల గడప

నరసరావుపేటలో సుబ్బరాయ, నారాయణ కళాశాల 1950లో వెలసినది. కాకినాడ సాంకేతిక విశ్వవిద్యాలయము తన ఇంజనీరింగు కళాశాలను 2016లో అచ్చటనే నెలకొల్పినది. మాచర్ల, గురజాల పల్లెల బిడ్డలకు చదువు చేరువైనది. గురువు చేరువైనాడా?

నేడు కళాశాలలలో కొందరేసి విద్యార్థులకు ఒక అధ్యాపకుని మెంటరుగా నియమించుచున్నారు. మంచి ఏర్పాటే. అయితే రిజిస్టరు నిండుటతోనే పని ముగిసినచో ప్రయోజనమేమి?

తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన బాలుడు ఇంగ్లీషు పాఠము అందక వెనుక బల్లపై మౌనముగా కూర్చుండును. అధ్యాపకుడు వానిని మందమతి యనుకొనును. వాడు లెక్కలలో చురుకైనవాడనియు, నలుగురిలో నోరు విప్పలేని సిగ్గరి యనియు ఊరి బడిపంతులు ఎరుగును. ఆ ఎరుక కళాశాల గడప దాటదు.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. అచ్చట వారి శిష్యుడైన విశ్వనాథ సత్యనారాయణ తరువాత కళాశాలలలో బోధించి, 1959లో కరీంనగరు ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలాయెను. బడిపంతులు చూపు ఎంతదూరము పోగలదో దీనివలన తెలియును.

కావున ఏడాదికి రెండుమారులైనను పల్నాటి బడిపంతులును, కళాశాల అధ్యాపకులును ఒకచోట కూడవలెను. విద్యార్థుల సొంత సంగతులు బయటపెట్టక, ఎట్టి చిక్కునకు ఏ ఉపాయము ఫలించినదో, ఏది ఫలింపలేదో చెప్పుకొనవలెను. విద్యార్థులును తమ ఇబ్బందిని దాచక మెంటరుకు తెలుపవలెను. పంచిన కొలది విద్య పెరుగునని బోధించు మనము, బోధనానుభవమును దాచుకొనుట న్యాయమా?