జ్ఞాపకాలకు అద్దె ఎంత?

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో తొలితరం వారు తమ జ్ఞాపకాలను ఆల్బములలోను, వీడియో కాసెట్లలోను భద్రపరచుకున్నారు. నేడు ఆ కాసెట్లు సైతం డిజిటల్ రూపం ధరించాయి. తాతగారి షష్టిపూర్తి, అమ్మమ్మ పాడిన మంగళహారతి, అమ్మాయి కూచిపూడి రంగప్రవేశం, వీటికి తోడు సెల్‌ఫోనుతో అనుదినం తీసే చిత్రాలు కలిసి ఒక్కొక్క ఇంట రెండు టెరాబైట్ల సమాచారం పోగుపడటం వింత కాదు. దానిని నెలనెలా అద్దె చెల్లించి క్లౌడ్‌లో దాచాలా, ఒకేసారి సొమ్ము పెట్టి కొన్న హార్డ్ డిస్కులో దాచాలా అన్నది నేడు ప్రతి గృహస్థుకూ ఎదురయ్యే ప్రశ్న.

ఈ అద్దె పద్ధతి కొత్తది కాదు. 1956లో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన రామాక్ యంత్రంలో రెండడుగుల వ్యాసం గల యాభై పళ్ళేలు తిరిగేవి. వాటి మీద పట్టేవి సుమారు 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఆ యంత్రానికి నెలసరి అద్దె 3,200 డాలర్లు. క్రమంగా ధరలు పడిపోయి డిస్కు ఇంటింటి వస్తువైంది. ఇప్పుడు మళ్ళీ మనం అద్దె యుగంలో ప్రవేశించాం. మేఘమనే పేరు వినగానే ఆకాశం స్ఫురిస్తుంది గాని, క్లౌడ్ నేలమీదనే ఉన్నది. వర్జీనియా రాష్ట్రంలో ఎన్నో తెలుగు కుటుంబాలు నివసించే లౌడన్ కౌంటీలోని కిటికీలు లేని భారీ కట్టడాలలో వరుసలు తీరిన యంత్రాలే ఆ మేఘాలు. మనం చెల్లించేది ఇతరుల యంత్రాలకు, వాటి విద్యుత్తుకు, కాపలాకు అయ్యే ఖర్చులో మన వంతు.

లెక్క చూద్దాం. 2025 నాటికి గూగుల్, ఆపిల్ సంస్థలు రెండు టెరాబైట్లకు నెలకు సుమారు పది డాలర్లు తీసుకున్నాయి. పదేళ్ళకు అది వెయ్యి డాలర్లు దాటుతుంది. నాలుగు టెరాబైట్ల డిస్కు 2024లో నూరు డాలర్లకు అటూ ఇటుగా లభించింది. రెండు డిస్కులు కొని, అయిదేళ్ళకొకసారి మార్చినా పదేళ్ళ వ్యయం నాలుగు వందల చిల్లరే. కాగితం మీద డిస్కుదే గెలుపు.

అయితే కాగితం మీద కనిపించని ఖర్చులు రెండు వైపులా ఉన్నాయి. వేలాది డిస్కులను నడిపే బ్యాక్‌బ్లేజ్ సంస్థ ప్రకటించే లెక్కల ప్రకారం ఏటా నూటికి ఒకటి రెండు డిస్కులు చెడిపోతాయి. రెండు డిస్కులూ ఒకే బీరువాలో ఉంటే ఇంటికి వచ్చిన ఆపద రెండింటికీ వస్తుంది. 2017లో హార్వీ తుపాను హ్యూస్టన్‌ను ముంచెత్తినప్పుడు, 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ పరిసరాలను మంటలు దహించినప్పుడు ఇళ్ళతో పాటు అందులోని సమస్తమూ పోయింది.

క్లౌడ్‌కు వరద భయం తక్కువే గాని యజమాని భయం ఎక్కువ. గూగుల్ ఫొటోస్ 2015లో ప్రకటించిన హద్దులేని ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ముగిసింది. బ్యాక్‌బ్లేజ్ నెలసరి రుసుము అయిదు డాలర్ల నుండి క్రమంగా పెరిగి 2023లో తొమ్మిదికి చేరింది. కొడాక్ గ్యాలరీ 2012లో మూతపడింది. మైస్పేస్ పన్నెండేళ్ళ పాటు జనం దాచుకున్న పాటలను పోగొట్టుకున్నట్లు 2019లో వెల్లడైంది. పైగా అనేకులు క్లౌడ్‌ను ప్రతిబింబంగానే వాడుతున్నారు. ఫోనులో పొరపాటున చెరిపిన చిత్రం అక్కడా చెరిగిపోతుంది. కొద్ది వారాల గడువు దాటితే తిరిగి రాదు. ప్రతిబింబం వేరు, ప్రతి వేరు.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇంటి పెద్ద కన్నుమూసిన తరువాతిది. సంకేతపదం ఆయనతోనే పోతుంది. క్రెడిట్ కార్డు ఆగిపోతుంది. అద్దె ఆగితే నిల్వ నిలవదు. రెండేళ్ళు వాడని ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుండి తొలగించసాగింది. వారసుని పేరు ముందుగా నమోదు చేసుకునే సదుపాయాన్ని గూగుల్ 2013లోను, ఆపిల్ 2021లోను కల్పించాయి. వీలునామా రాసుకున్నవారు కూడా దీనిని విస్మరించడం విచారకరం.

ఈ సమస్య మన పూర్వులకు తెలియనిది కాదు. తాళ్ళపాక వారు సంకీర్తనలను ఎంతో వ్యయానికోర్చి రాగిరేకుల మీద చెక్కించారు. అన్నమయ్య రచించినవి ముప్పది రెండు వేలని ప్రతీతి. నేడు లభించేవి పన్నెండు వేల పైచిలుకు మాత్రమే. రాగి చెడలేదు; పోయిన రేకులకు మారు ప్రతులు లేవు. తాటాకులు అల్పాయుష్షు కలవే అయినా, ఊరూరా ప్రతులు వెలసిన కావ్యాలు నిలిచాయి. సి.పి. బ్రౌన్ సొంత సొమ్ముతో లేఖకులను నియమించి ప్రతులు రాయించింది అందుకే. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాజ్ రెడ్డి గారు నాయకత్వం వహించిన పది లక్షల పుస్తకాల పథకంలో కూడా ఎన్నో తెలుగు గ్రంథాలు డిజిటల్ ప్రతులయ్యాయి. వస్తువు గట్టిదనం కన్నా ప్రతుల సంఖ్య, వాటి మధ్య దూరం ముఖ్యమని ఈ చరిత్ర బోధిస్తున్నది.

ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారం చేసిన సూత్రమూ ఇదే: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరొక చోట. కనుక ఏదో ఒకదానినే ఎంచుకోవడం వివేకం కాదు. మొదట ఏరుకోవాలి. పెళ్ళిలో తీసిన రెండు వేల చిత్రాలలో నిలుపుకోదగినవి రెండు వందలుండవచ్చు. అలా ఏరినవి రెండు వందల గిగాబైట్లలో ఇముడుతాయి. వాటికి క్లౌడ్ అద్దె 2025 ధరలలో ఏటా ముప్పయి డాలర్లు. మొత్తం సమాచారాన్ని రెండు డిస్కులలో ఉంచి, ఒకటి ఇంట, రెండవది వేరే ఊళ్ళోని అన్న ఇంటనో చెల్లెలి ఇంటనో దాచవచ్చు. పండుగకు కలిసినప్పుడు డిస్కులు మార్చుకుంటే సరి. పదేళ్ళకు ఏడు వందల డాలర్లతో, అంతా క్లౌడ్‌లో పెట్టిన దానికన్నా తక్కువకే, ఎక్కువ రక్షణ లభిస్తుంది.

తెలుగు సంఘాలకూ ఇది వర్తిస్తుంది. కార్యవర్గం మారినప్పుడల్లా సంఘం చిత్రాలు, సంచికల ప్రతులు ఒక మాజీ కార్యదర్శి సొంత ఖాతాలో చిక్కుపడరాదు. సంఘం పేరిట ఖాతా, ఇద్దరి వద్ద సంకేతపదం, రెండు ఊళ్ళలో రెండు డిస్కులు ఉండాలి. ఒక విందు ఖర్చులో కొద్ది భాగంతో ఈ పని నెరవేరుతుంది. పిల్లలు పెద్దవారై తమ వారెవరని వెదికే రోజున ఆ చిత్రాలు, ఆ గొంతులు వారికి అందుబాటులో ఉండాలంటే ఆ ఖర్చు నేడే పెట్టాలి.