కాంటా దగ్గర తప్పిన ధర్మం

2024 వానాకాలంలో 153 లక్షల టన్నుల వడ్లు పండాయని తెలంగాణ ప్రభుత్వం ఘనంగా ప్రకటించింది. ఘనతే, కాదనను. కానీ ఈ వారం నల్లగొండ జిల్లా మాడుగులపల్లి మండలంలో ఒక కొనుగోలు కేంద్రం దగ్గర చూసింది నాకు మింగుడు పడటం లేదు.

వడ్లు ఆరబోశారు. తాలు పోయేలా తూర్పారబట్టారు. తేమ 17 శాతం లోపే ఉందని మిషన్ చూపించింది. అయినా 40 కిలోల సంచిలో ఇంకో కిలో పోయించారు. ఖాళీ సంచి బరువుకు తీసేది వేరు, అది న్యాయమే. ఈ కిలో దేనికి? "పొయ్యకుంటే మిల్లోళ్లు దించుకోరంట సారూ. లారీ వాపసొస్తే మేం ఏడికి పోవాలె?" అంది ఒక పెద్దమ్మ, కింద రాలిన గింజలు చేటలోకి ఊడ్చుకుంటూ.

ఎకరానికి పాతిక క్వింటాళ్ల చొప్పున మూడెకరాల రైతు లెక్క చూడండి. 187 సంచులు, సంచికో కిలో. 2025-26 ఏ గ్రేడ్ మద్దతు ధర 2,389 రూపాయలతో కడితే దాదాపు నాలుగున్నర వేలు. రశీదులో ఎక్కడా కనిపించని నాలుగున్నర వేలు! దానికి తరుగు అని పేరు పెట్టి అందరం అలవాటు పడిపోయాం.

పేదల కంచంలో సన్నబువ్వ ఉండాలన్న ఆశయంతో 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలైంది. మనిషికి ఆరు కిలోలు. ఇంతకంటే మంచి పని ఏముంటుంది? అందుకే అడుగుతున్నాను: పేదవాడికి పెట్టే అన్నం కోసం మరో పేదవాడి గింజ లాక్కోవచ్చా? కొనుగోలు తొందరగా పూర్తి కావాలన్న ఒక్క లక్ష్యం ముందు పెట్టుకుంటే, తూకంలో న్యాయం అధికారులకు అడ్డంగా కనిపిస్తుంది. మరి మిల్లుల సంగతి? మిల్లుకు ఇచ్చిన ప్రతి క్వింటా వడ్లకు, పచ్చి బియ్యమైతే 67 కిలోలు తిరిగి రావాలి. తిరిగివ్వని మిల్లులపై కేసులు పెట్టామని ప్రభుత్వమే పలుమార్లు చెప్పింది. అక్కడ లారీల కొద్దీ బియ్యం బాకీ పడితే గడువు మీద గడువు. ఇక్కడ రైతుకు మాత్రం కిలో కూడా వదలరు.

నిజాం కాలంలో బలవంతపు లెవీ ధాన్యానికి ఎదురు తిరిగిన ప్రాంతం ఇది. సూర్యాపేట, మిర్యాలగూడ పల్లెల్లో తాతలు కొట్లాడింది భూమి కోసమే కాదు, తాము పండించిన గింజకు లెక్క అడిగే హక్కు కోసం కూడా. నాగార్జున సాగర్ ఎడమ కాలువ వచ్చింది, మిర్యాలగూడ చుట్టూ మిల్లులు వెలిశాయి. అయినా 2020లో అదే ప్రాంతపు రైతు తన వడ్లు తాను అమ్ముకోవడానికి టోకెన్ కోసం బారులు తీరాల్సి వచ్చింది.

   

జిల్లా యంత్రాంగాన్ని కోరేది ఒక్కటే: కాంటా తెర రైతు వైపు తిప్పండి, తరుగు తీస్తే ఎంతో, ఎందుకో రశీదులో రాయించండి. రైతులకూ ఒక మాట. రాసివ్వని తరుగుకు ఒప్పుకోకండి, ఆ సంచి లారీ ఎక్కనివ్వకండి.