“నడవండి” అంటే చాలునా?

మా పెదనాన్నగారికి ఊళ్ళో మహా కలుపుగోలు మనిషి అని పేరుండేది. సాయంత్రం ఇంటి నుంచి గ్రంథాలయానికి బయలుదేరితే దారిలో మూడు చోట్ల తప్పకుండా ఆగేవారు. కాలువ వంతెన దగ్గర ఒకసారి, కిరాణా కొట్టు ముందు మరొకసారి, రావిచెట్టు అరుగు దగ్గర ఇంకొకసారి. ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరిని పలకరించి, పిల్లల చదువులూ పంటల సంగతులూ విచారించి, రెండు నిమిషాల తరువాత కదిలేవారు. వంద గజాలు నడిచేసరికి ఆయన పిక్క పట్టేసి అడుగు పడనిచ్చేది కాదనీ, ఆ నొప్పి నలుగురి కంటా పడకుండా దాచుకోవడానికే ఆ పలకరింపులనీ మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

జర్మన్లు ఈ జబ్బును “దుకాణపు అద్దాల జబ్బు” అంటారట. నడుస్తూ నడుస్తూ నొప్పి రాగానే ఆగి, అద్దాల వెనుక ఉన్న సరుకులను చూస్తున్నట్టు నటిస్తారు కాబట్టి ఆ పేరు. వారికి దుకాణాలు, మా పెదనాన్నగారికి రావిచెట్టు అరుగు. మానం కాపాడుకొనే తంత్రం మాత్రం ఒక్కటే. వైద్యులు దీనిని ఇంటర్మిటెంట్ క్లాడికేషన్ అంటారు. క్లాడికేషన్ అనే మాటకు లాటిన్ మూలంలో కుంటడం అని అర్థం. 1831లో బూలే అనే ఫ్రెంచి పశువైద్యుడు దీనిని మొదట ఒక గుర్రంలో వర్ణించగా, 1858లో షార్కో మనిషిలో గుర్తించాడు. సంస్కృతం మీద మోజున్నవారు “విరామ ఖంజత్వం” అని ఒక సమాసం కూర్చవచ్చును గానీ, పిక్క పట్టేయడం అన్న మన పల్లెమాట ఉండగా అంత శ్రమ అనవసరం.

కాళ్ళకు నెత్తురు తీసుకుపోయే ధమనుల గోడలలో కొవ్వు పేరుకొని దారి సన్నబడుతుంది. కూర్చున్నప్పుడు ఆ కొద్ది నెత్తురే సరిపోతుంది. నడిచేటప్పుడు పిక్క కండరానికి ఎక్కువ కావాలి, అందదు, నొప్పి పుడుతుంది. ఆగితే తగ్గుతుంది. పొగాకు, మధుమేహం, రక్తపోటు, కొలెస్టరాల్ దీనికి ముఖ్య కారణాలు. కనిపెట్టడమూ కష్టమేమీ కాదు. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగించి చూస్తారు. ఆ నిష్పత్తి 0.90 లేదా అంతకంటె తక్కువ ఉంటే కాలి ధమనులలో అడ్డంకి ఉన్నట్టు లెక్క.

మా పెదనాన్నగారిని చూసిన వైద్యుడు “వయసు మీదపడింది, కాళ్ళకు విశ్రాంతి ఇవ్వండి” అన్నాడు. ఆయన అక్షరాలా పాటించారు. మొదట రావిచెట్టు మానుకొన్నారు, తరువాత కొట్టు, ఆపైన వంతెన. చివరి రోజులలో వీధి అరుగే ఆయన లోకం. కొన్నేళ్ళకు కుడికాలు మోకాలి కింద తీసివేయవలసి వచ్చింది. నడిచి ఉంటే ఆ కాలు నిలిచేదని నేను చెప్పబోవడం లేదు. అది ఎవరూ చెప్పలేరు. కాలు పోవడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఆయన ఊరు ఆయనకు పోయిందని మాత్రం చెప్పగలను.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి మరొక మిత్రుడు కారణం. ఈ మధ్యనే పెద్దపేగు క్యాన్సరుకు శస్త్రచికిత్స, ఆ తరువాత కీమోథెరపీ ముగించుకొని ఇంటికి వచ్చాడు. చూడడానికి వెళితే పడక కుర్చీలో కూర్చోబెట్టి ఉంచారు. మంచినీళ్ళకు లేచినా ఇంట్లోవాళ్ళు “నువ్వు లేవకు, మేము తెస్తాం” అంటున్నారు. ప్రేమతోనే అంటున్నారు, కాదనను. జబ్బులు వేరు, అవయవాలు వేరు, చూసే వైద్యులు వేరు. దొరికిన సలహా మాత్రం ఒకటే, విశ్రాంతి. చిత్రమేమంటే ఈ రెండు జబ్బుల మీదా జరిగిన మంచి పరిశోధనలు రెండూ ఆ సలహాకు ఎదురు చెబుతున్నాయి.

ముందు కాళ్ళ సంగతి. 1966లోనే డెన్మార్క్‌కు చెందిన లార్సెన్, లాసెన్ అనే వైద్యులు ఒక చిన్న పరీక్ష జరిపి, రోజూ వ్యాయామం చేసిన క్లాడికేషన్ రోగులు ఎక్కువ దూరం నడవగలిగారని ప్రకటించారు. 2012లో అమెరికాలో వెలువడిన క్లెవర్ అనే పరీక్షలో, పొత్తికడుపు నుంచి కాళ్ళకు దిగే ధమనులలో అడ్డంకి ఉన్న 111 మందిని చీట్లు వేసినట్టుగా విభజించారు. కొందరికి మందులు మాత్రమే, కొందరికి మందులతో పాటు స్టెంటు, మరికొందరికి మందులతో పాటు పర్యవేక్షణలో నడక. ఆరు నెలల తరువాత ట్రెడ్‌మిల్ మీద నడవగలిగిన గరిష్ఠ సమయం మందుల వారిలో సగటున 1.2 నిమిషాలు, స్టెంటు వారిలో 3.7 నిమిషాలు, నడక వారిలో 5.8 నిమిషాలు పెరిగింది. నిజం దాచకూడదు కాబట్టి ఇదీ చెప్పాలి. జీవన నాణ్యతను గురించి రోగులనే అడిగిన కొన్ని ప్రశ్నలలో స్టెంటు వారే ఎక్కువ సంతృప్తి చూపారు. 2017లో వచ్చిన ప్రొపెల్ అనే పరీక్షలో 210 మందిలో కొందరికి నడకతో పాటు, కొత్త రక్తనాళాలు మొలిపిస్తుందని ఆశపెట్టుకొన్న ఒక ఇంజక్షను కూడా ఇచ్చి చూశారు. ఇంజక్షను కలిపినందువల్ల అదనపు లాభమేమీ కనిపించలేదు. లాభం నడకదే.

ఇందులో ఒక విశేషముంది. నడక వల్ల మూసుకుపోయిన ధమని తెరుచుకోదు. చీలమండ నిష్పత్తి దాదాపు అలాగే ఉంటుంది. ఉన్న నెత్తురునే పొదుపుగా వాడుకోవడం కండరం నేర్చుకొంటుంది. కరువు సీమ రైతు ఒక తడితో పంట తీసినట్టు.

ఇక పేగు సంగతి. 2006లో అమెరికాలో, మూడవ దశ పెద్దపేగు క్యాన్సరుకు చికిత్స పొందిన 832 మందిని గమనించగా, బాగా నడిచేవారిలో జబ్బు తిరగబెట్టడం తక్కువని తేలింది. కానీ అది గమనింపు మాత్రమే. నడిచినందువల్ల బాగున్నారా, బాగున్నందువల్ల నడిచారా? ఈ ప్రశ్నకు చీట్లు వేసి విభజించిన పరీక్ష ఒక్కటే జవాబు చెప్పగలదు. ఆ పరీక్షకు ఛాలెంజ్ అని పేరు పెట్టారు. ప్రధానంగా కెనడా, ఆస్ట్రేలియాలలోని 55 కేంద్రాలలో, శస్త్రచికిత్స, కీమోథెరపీ ముగిసిన 889 మందిని చేర్చుకొన్నారు. 2009లో మొదలై, ఫలితాలు 2025 జూన్‌లో వెలువడ్డాయి. అయిదేళ్ళకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు వ్యాయామ బృందంలో నూటికి 80.3, రెండవ బృందంలో 73.9. ఎనిమిదేళ్ళకు బ్రతికి ఉన్నవారు 90.3, 83.2. అంటే నూరుమందిలో ఏడుగురు అదనంగా బ్రతికారు. ఇంతపాటి లాభం చూపించే మాత్ర ఏదైనా ఉంటే దాని పేరు మొదటి పుటలో చూసేవాళ్ళం.

ఇక్కడిదాకా చదివినవారు “ఇందులో కొత్తేముంది, నడక మంచిదని మా బామ్మ కూడా చెప్పింది” అనవచ్చు. నా అభిప్రాయభేదం సరిగ్గా అక్కడే. ఈ పరీక్షలు చెప్పినది నడక మంచిదని మాత్రమే కాదు. “నడవండి” అని చెప్పి ఊరుకోవడం వైద్యం కాదని కూడా చెప్పాయి.

ఛాలెంజ్ పరీక్షలో రెండవ బృందంవారిని గాలికి వదిలేయలేదు. వ్యాయామం మంచిదనీ మంచి తిండి తినమనీ చెప్పే పుస్తకాలు వారికీ ఇచ్చారు. అంటే మన ఆసుపత్రులలో దొరికే సలహా కంటె వారికి అందినది ఎక్కువే. అయినా వెనుకబడినది వారే. మొదటి బృందానికి అందినది పుస్తకం కాదు, మనిషి. మూడేళ్ళపాటు ఒక శిక్షకుడు వెంట ఉన్నాడు. మొదటి ఆరు నెలలు రెండు వారాలకొకసారి కూర్చోబెట్టి మాట్లాడి, దగ్గరుండి వ్యాయామం చేయించాడు. మోతాదు కూడా లెక్క ప్రకారమే. అప్పటికి చేస్తున్న శ్రమకు అదనంగా, వారానికి మూడు నాలుగు సార్లు ముప్పావుగంట నుంచి గంట వరకు చురుకైన నడకకు సమానమైనది చేయాలి.

కాళ్ళ విషయంలో మోతాదు మరీ ముఖ్యం. 2021లో వెలువడిన లైట్ అనే పరీక్షలో 305 మందిని మూడుగా విభజించారు. ఒక బృందం నొప్పి రాకుండా నింపాదిగా నడిచింది. రెండవది నొప్పి వచ్చేంత వేగంగా నడిచింది. మూడవది ఏ వ్యాయామమూ చేయలేదు. ఏడాది తరువాత ఆరు నిమిషాలలో నడిచే దూరం చూస్తే, వేగంగా నడిచినవారికి సగటున 34.5 మీటర్లు పెరిగింది. నింపాదిగా నడిచినవారికి పెరగకపోగా 6.4 మీటర్లు తగ్గింది! ఏడాదిపాటు శ్రద్ధగా నడిచీ ఫలితం లేకపోవడమంటే ఎంత అన్యాయమో చూడండి. నొప్పి వచ్చేదాకా నడవాలి, బాగా వచ్చాక ఆగాలి, తగ్గగానే మళ్ళీ నడవాలి. విరామాలతో కలిపి ముప్పై నుంచి యాభై నిమిషాలు, వారానికి మూడుసార్లు, కనీసం పన్నెండు వారాలు. ఈ సంగతి చెప్పకుండా “కాస్త నడుస్తూ ఉండండి” అనడం, మందు పేరు రాసి మోతాదు రాయకపోవడం లాంటిది.

అభ్యంతరాలు లేవని కాదు. ఛాలెంజ్‌లో చేరినవారు నడవగలిగే శక్తి ఉన్నవారు. మంచం పట్టినవారికి ఆ లెక్కలు వర్తించవు. కండరాల, కీళ్ళ బాధలు వ్యాయామ బృందంలో నూటికి 18.5 మందికి వస్తే, రెండవ బృందంలో 11.5 మందికి వచ్చాయి. పెద్దపేగు క్యాన్సరుకు వాడే ఆక్సాలిప్లాటిన్ అనే మందు అరికాళ్ళను మొద్దుబారుస్తుంది, మధుమేహమూ అంతే. రాయి గుచ్చుకొన్నా తెలియని పాదంతో నడిచేవారికి ముందు సరైన పాదరక్షలు కావాలి. ఊరికే కూర్చున్నా కాలు నొప్పి పెడుతున్నా, వేళ్ళు నల్లబడినా, పుండు మానకపోయినా నడకతో కాలక్షేపం చేయకూడదు. వెంటనే రక్తనాళాల వైద్యుని దగ్గరకు పరుగెత్తాలి. స్టెంట్లూ బైపాసులూ అప్పుడు కాళ్ళను కాపాడతాయి. నడక పొగాకు మానడానికీ, స్టాటిన్ మాత్రకూ బదులు కాదు. అయితే ఈ అభ్యంతరాలన్నీ నడక మానమని చెప్పడం లేదు. పక్కన తెలిసిన మనిషి ఒకరు కావాలని చెబుతున్నాయి.

ఆ మనిషికి జీతమెవరిస్తారు? అసలు చిక్కు ఇదే. మాత్రకు యజమాని ఉన్నాడు. స్టెంటుకు ధర ఉంది. నడకకు పేటెంటు లేదు, ఊరూరా తిరిగి దాని గుణగణాలు వర్ణించే ప్రతినిధి లేడు. ఇంగ్లాండులో 2012 మార్గదర్శకాలు క్లాడికేషన్ రోగులందరికీ మొదట పర్యవేక్షణలో వ్యాయామం ఇవ్వాలన్నాయి. వారానికి రెండు గంటలు, మూడు నెలలు. అమెరికాలో మెడికేర్ 2017 నుంచి పన్నెండు వారాలలో 36 విడతల వ్యాయామానికి డబ్బు చెల్లిస్తున్నది. డెన్మార్క్ పరీక్షకూ ఆ చెల్లింపుకూ మధ్య యాభై ఏళ్ళు దాటాయి.

మన దగ్గర ఒక్కో చికిత్సకు ఒక్కో ప్యాకేజీ కట్టే ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. అటువంటి పథకంలో కాలు కోయడానికి ధర ఉన్నట్టే కాలిని నడిపించడానికీ ఒక ధర ఉండాలని నా వాదం. దానికి పెద్ద యంత్రాలు అవసరం లేదు. జిల్లా ఆసుపత్రిలో ఒక పొడవైన వరండా, చేతిలో గడియారం, శిక్షణ పొందిన ఒక ఫిజియోథెరపిస్టు, వారానికి మూడు పూటలు. కీమోథెరపీ ముగించుకొన్నవారూ, పిక్క పట్టేసేవారూ ఒకే వరండాలో నడవవచ్చును. ఒకరికొకరు తోడు కూడాను.

అంతవరకూ మనం చేయగలిగినదీ ఒకటుంది. మన పెద్దవారిలో ఎవరైనా దారిలో పదేపదే ఆగుతుంటే, ఆ పలకరింపుల వెనుక ఏముందో ఒకసారి అడుగుదాం. చీలమండ రక్తపోటు చూడమని వైద్యుని కోరుదాం. ఆయన “నడవండి” అంటే అక్కడితో లేచి రాకుండా, ఎంతసేపు, వారానికి ఎన్నిసార్లు, ఎంత నొప్పి దాకా అని అడిగి చీటీ మీద రాయించుకొందాం. రాయని మందు మనవాళ్ళు వేసుకోరు.

మా మిత్రుడు తన వైద్యురాలిని అడిగి, ఆమె సరే అన్న తరువాత నడక మొదలుపెట్టాడు. ప్రస్తుతానికి వీధి చివరిదాకానే. పక్కన నడుస్తున్నాను గనుక తెలుసు, ఇంట్లోవాళ్ళు గుమ్మంలో నిలబడి మేము తిరిగి వచ్చేదాకా చూస్తూనే ఉంటారు. వాళ్ళ భయం పోవడానికి ఇంకా కొంతకాలం పడుతుంది. మా పెదనాన్నగారికి ఈ మాత్రం తోడు ఎవరమూ ఇవ్వలేదన్నది మాత్రం నన్ను వదలడం లేదు.

మీ ఇళ్ళలో ఎలా ఉన్నది? విశ్రాంతి తీసుకోమంటున్నారా, నడిపిస్తున్నారా?