వీడియో చూపించాం కదా, ఇంకేం కావాలి?

ఈ మధ్య చదువుల గురించి ఎక్కడ మాట మొదలైనా చివరికి ఒక్క చోటికే వచ్చి ఆగుతోంది. "ఇప్పుడు టీచర్లతో పనేంటండీ? ప్రపంచంలోకెల్లా బాగా చెప్పేవాళ్ళ పాఠాలన్నీ యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతున్నాయి. ఫోను చేతికిస్తే పిల్లలే నేర్చుకుంటారు." ఆఫీసులో భోజనాల దగ్గర ఇదే మాట, అపార్ట్‌మెంటు లిఫ్టులో ఇదే మాట, మంత్రుల ఉపన్యాసాల్లోనూ ఇదే మాట. వినడానికి ఎంత బావుందో! నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్తాను.

ముందే ఒక మాట. నేను వీడియోలకి శత్రువుని కాను. గుండెలో కవాటాలు ఎలా తెరుచుకుని మూసుకుంటాయో, చంద్రకళలు ఎందుకు ఏర్పడతాయో సుద్దముక్కతో బల్ల మీద గీసేకంటే కదిలే బొమ్మలో చూపిస్తేనే నయం. ఫిజిక్స్ టీచరు పోస్టు ఖాళీగా ఉన్న ఊళ్ళో ఏమీ లేకపోవడం కంటే వీడియో ఉండటం నయమే. నా గొడవంతా "వీడియో చూపిస్తే చదువు చెప్పేసినట్టే" అన్న ఆ ధీమాతో.

ఆరో తరగతి పిల్లాడిని ఒకణ్ణి పట్టుకుని 1/2 కి 1/3 కలిపితే ఎంతరా అని అడగండి. 2/5 అనే పిల్లలు మీకు బోలెడుమంది దొరుకుతారు. పైవి పైవి కలిపారు, కిందవి కిందవి కలిపారు. వాళ్ళ దృష్టిలో అది న్యాయంగానే ఉంది. ఇప్పుడు రంగురంగుల బొమ్మలతో ఒక మంచి వీడియో పెట్టండి. హారాలు రెండూ 6 చెయ్యాలి, 3/6 కి 2/6 కలపాలి, 5/6 వచ్చింది. పిల్లాడు తలూపుతాడు. "అర్థమైందా?" "అయింది." వారం పోయాక అడగండి, మళ్ళీ 2/5 అంటే ఆశ్చర్యపోకండి.

ఎందుకంటే వాడి బుర్రలో కూర్చున్న 2/5 ని ఎవరూ కదపలేదు. "ఒరే, నీ దగ్గర అర రొట్టె ఉంది. నేను ఇంకో ముక్క ఇచ్చాను. మొత్తం 2/5 అంటున్నావు. 2/5 అంటే అర కంటే తక్కువ కదరా! ఇస్తే తగ్గిందేంటి?" అని ఎవరో ఒకరు అడగాలి. అప్పుడు వాడు ఆగుతాడు, తల గోక్కుంటాడు, "అవును కదా" అనుకుంటాడు. చదువు మొదలయ్యేది అక్కడ. ఫోనులో నడుస్తున్న వీడియోకి వాడు 2/5 అన్నాడని తెలీదు. వాడి మొహం దానికి కనపడదు.

ఇది నా ఒక్కడి పైత్యం కాదు. డెరెక్ ముల్లర్ అని ఒకాయన ఉన్నాడు, వెరిటాసియం అనే యూట్యూబ్ ఛానెల్ ఆయనదే. అంటే వీడియోలు తీసి పేరు తెచ్చుకున్న మనిషే. 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన పీహెచ్‌డీ ఫిజిక్స్ వీడియోల మీదే. కొంతమంది విద్యార్థులకి న్యూటన్ సూత్రాల గురించి సూటిగా, శుభ్రంగా వివరించే వీడియో చూపించాడు. చూసినవాళ్ళు చాలా స్పష్టంగా ఉంది, తేలిగ్గా అర్థమైంది అన్నారు. పరీక్ష పెడితే మార్కులు ముందు ఎంతో తర్వాతా దాదాపు అంతే! ఇంకొంతమందికి వేరే వీడియో. అందులో ఇద్దరు మాట్లాడుకుంటారు. పైకి విసిరిన బంతి మీద చెయ్యి పెట్టిన బలం గాల్లో కూడా పనిచేస్తూనే ఉందనుకోవడం లాంటి పొరపాట్లు, అంటే మనందరి మనసుల్లో ఉండేవే, ఒకరు బయటపెడతారు, రెండోవారు వాటిని విప్పుతారు. ఇది చూసినవాళ్ళు గందరగోళంగా ఉందన్నారు. కానీ మార్కులు పెరిగింది వీళ్ళకే.

అర్థమైందా మాస్టారూ? "బాగా చెప్పాడు" అనిపించడం వేరు, మనకి రావడం వేరు. వీడియో కింద "సూపర్ సర్, ఒక్కసారికే అర్థమైంది" అని వందల మంది రాస్తారే, అది చెప్పినాయన గొప్పతనానికి సాక్ష్యం. విన్నవాళ్ళు నేర్చుకున్నారనడానికి కాదు.

ఇంకో సంగతి. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు కాలేజీ పిల్లలకి ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్ళీ చదవమన్నారు, కొందరిని కాగితం మూసేసి గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళది పైచేయి. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్ళది పైచేయి. ఒకే వీడియో మూడుసార్లు చూసే పిల్లకి ఈ మాట ఎవరైనా చెప్పారా?

మా ఫీల్డులో ఇది రోజూ కనపడే విషయమే. నలభై గంటల ట్యుటోరియల్ పూర్తి చేసి, సర్టిఫికెట్ కూడా సంపాదించి, ఖాళీ ఎడిటర్ తెరవగానే మొదటి లైను ఏం రాయాలో తోచక కూర్చునే ఫ్రెషర్లు ఎంతమందో. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. ఇంకొకడు ఈత కొడుతుంటే గట్టున కూర్చుని చూశారు, అంతే.

సరే, మరి ఖాన్ అకాడమీ మాటేంటి అంటారు. చెప్తాను. సల్మాన్ ఖాన్ (సినిమా హీరో కాదు లెండి :) ) 2004లో వరసకి చెల్లెలయ్యే అమ్మాయికి ఫోనులో లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. తప్పు చేస్తే ఎందుకలా చేశావని అడిగాడు. లెక్కలు చేయించడానికి సొంతంగా ప్రోగ్రాం కూడా రాసుకున్నాడు. వీడియోలు యూట్యూబ్‌లో పెట్టడం 2006లో. అంటే ఆ వీడియోల వెనకాల ఒక అన్నయ్య ఉన్నాడు, చేయాల్సిన లెక్కలున్నాయి. మనం అన్నయ్యని అక్కడే వదిలేసి, లెక్కల్ని కూడా వదిలేసి, వీడియో ఒక్కటే సంచీలో వేసుకొచ్చాం.

పైగా ఇదేమన్నా కొత్త కలా? 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా ఉపగ్రహం సాయంతో ఇస్రో "సైట్" ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 పల్లెలకి టీవీ పాఠాలు చేరాయి, అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1984లో దూరదర్శన్‌లో యూజీసీ వాళ్ళ కార్యక్రమాలు మొదలయ్యాయి. 2020 సెప్టెంబరులో, బళ్ళు మూసేసిన కరోనా రోజుల్లో, తెలంగాణ పిల్లలకి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు వేశారు. అప్పుడు గత్యంతరం లేదు, తప్పు పట్టను. కానీ కాలు విరిగినప్పుడు పట్టుకున్న కర్రని కాలనుకుంటే ఎలా? 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది, బైజూస్ పాఠాలు నింపి. 2024 జులైలో ఆ కంపెనీయే దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. కంపెనీ గొడవ పక్కన పెట్టండి. అది నిక్షేపంగా ఉన్నా నా ప్రశ్న మారదు: ట్యాబు ఇచ్చాక పిల్లాడిని 2/5 ఎందుకన్నావురా అని అడిగేదెవరు?

నాకు అసలు కడుపు మండేది ఇక్కడే. ఉద్యోగస్తుల ఇంట్లో పిల్ల వీడియో చూసి తెల్లమొహం వేస్తే అమ్మో, నాన్నో, ట్యూషన్ మాస్టారో పక్కన కూర్చుంటారు. తెల్లారే కూలికెళ్ళే తల్లి కూతురికి ఆ పక్కన కూర్చునే మనిషి లేదు. వీడియో సగం చదువు, ఆ మనిషి మిగతా సగం. ఉన్నవాళ్ళకి రెండు సగాలూ ఇచ్చి, లేనివాళ్ళ చేతిలో ఒక సగం పెట్టి దానికి సమానత్వం అని పేరు పెడుతున్నాం. ఆ పిల్ల ఫెయిలైతే నింద కూడా దానిదే. "ట్యాబిచ్చాం, వీడియోలిచ్చాం, ఇంకేం కావాలి? దాని బుర్రకి ఎక్కలేదు." ఆ పిల్ల కూడా అదే నమ్మేస్తుంది.

"మరి టీచర్లు మాత్రం ఏం ఉద్ధరిస్తున్నారు?" అంటారా? ఒప్పుకుంటాను. గైడు చూసి చదువుతూ పోయే టీచరు పాజ్ బటన్ కూడా లేని వీడియో. నేను మనిషా, మెషీనా అని తగువు పెట్టట్లేదు. అడగడం, చేయించడం ఉందా లేదా అంటున్నాను. "ఏఐ వచ్చింది కదా, అదే అడుగుతుంది" అనేవాళ్ళకీ ఇదే జవాబు. అడిగేలా వాడితే మంచిదే. హోంవర్కు ఫొటో తీసి జవాబు రాబట్టుకునే పిల్లాడికి అది వీడియో కంటే హీనం.

ఇంట్లో పిల్లలుంటే ఇంత చెయ్యండి చాలు. వీడియో పెట్టే ముందు జవాబు ఏమై ఉంటుందో ఊహించి కాగితం మీద రాయమనండి, తప్పైనా సరే. పది నిమిషాలు దాటనివ్వకండి. మధ్యలో ఆపి "తర్వాత ఏం చేస్తాడో చెప్పు" అనండి. అయ్యాక ఫోను లాక్కుని, స్కూలు పుస్తకంలోవే అయిదు లెక్కలు చేయించండి. ముందు రాసిన కాగితం తీసి, ఇది ఎందుకు తప్పో నాకు చెప్పు అనండి. మీకు లెక్కలు రాకపోయినా పర్లేదు, వినడం వస్తే చాలు.

ఇక ప్రభుత్వాల వారికి ఒక విన్నపం. ఎన్ని లక్షల ట్యాబులు పంచారో, ఎన్ని వేల గంటల వీడియోలు తీశారో చెప్పడం ఇక ఆపండి. అవి కొన్న సరుకు లెక్కలు. 1/2 కి 1/3 కలిపితే ఎంతో, 2/5 ఎందుకు కాదో ఎంతమంది పిల్లలు చెప్పగలుగుతున్నారో ఆ లెక్క చెప్పండి, వింటాం.