పొంగింది నరం కాదు... సిర!

మా పిన్ని 32 ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పింది. కుర్చీ ఉన్నా కూర్చునేది కాదు. 'టీచరు కూర్చుంటే వెనక బెంచీ నిద్రపోతుంది' అనేది. రిటైరయ్యేనాటికి ఎడమ పిక్క మీద తీగ పాకినట్టు నీలంగా, మెలికలు మెలికలుగా ఉబ్బులు. చీర కుచ్చిళ్లు మడమల దాకా దించి కట్టడం అలవాటు చేసుకుంది. ఎవరైనా చూసి అడిగితే 'నరాలు పొంగాయి, వయసొచ్చింది కదా' అని మాట మార్చేసేది.

కొన్నాళ్లకు చీలమండ పైన చర్మం నల్లబడింది. దురద. గోకితే చిన్న పుండు. దానికి ఏడాదిన్నర పాటు రాయని ఆయింట్‌మెంట్ లేదు. షుగరేమోనని మూడుసార్లు రక్తపరీక్ష చేయించారు. లేదని తేలింది. 'నరాలు' కాబట్టి నరాల డాక్టరు దగ్గరికీ వెళ్లొచ్చింది. బలానికి మాత్రలు రాసిచ్చి పంపారు.

తప్పు సగం మన భాషది కూడా! సెలైన్ ఎక్కించేది 'నరానికే', చెయ్యి తిమ్మిరెక్కితే 'నరమే', కాలు మీద ఉబ్బేదీ 'నరమే'. మెదడు నుంచి కబుర్లు మోసే నరం వేరు. చెడు రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిర వేరు. వెరికోస్ వీన్స్ అన్నది అచ్చంగా సిరల జబ్బు. దీనికి వెళ్లాల్సింది రక్తనాళాల నిపుణుడి దగ్గరికి, అంటే వాస్క్యులర్ సర్జన్ దగ్గరికి.

పిన్నిని చివరికి అక్కడికే తీసుకెళ్లాం. ఆయన చెప్పిన మొదటి మాట: 'టీచరు గారూ, పడుకోకండి. లేచి నిలబడండి.' పడుకుంటే సిరల్లో రక్తం ఖాళీ అయిపోయి ఉబ్బు కనిపించదట. డాప్లర్ స్కాన్ కూడా నిలబెట్టే తీశారు.

పాదం నుంచి గుండె దాకా రక్తం ఎదురెక్కాలి. పిక్క కండరం బిగుసుకున్నప్పుడల్లా దాన్ని పైకి నెడుతుంది. అది మళ్లీ కిందికి జారకుండా సిరల్లో ఒకవైపే తెరుచుకునే చిన్న చిన్న కవాటాలుంటాయి. అవి పాడైతే రక్తం వెనక్కి జారి కిందే నిలిచిపోతుంది. ఆ ఒత్తిడికి సిర సాగి మెలికలు తిరుగుతుంది. ఏళ్లు గడిస్తే చర్మం నల్లబడి, గట్టిపడి, పుండు పడుతుంది. ఇంట్లో అమ్మకో నాన్నకో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. కాన్పులు, బరువు, గంటల తరబడి నిలబడే ఉద్యోగాలు దాన్ని మరింత పెంచుతాయి. చీరల షోరూముల్లో పొద్దుట్నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మాయిల్ని చూస్తే నాకిప్పుడు మా పిన్ని కాలే గుర్తొస్తుంది. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే సదుపాయం కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి.

ఇంతకీ వైద్యం? 'ఆపరేషనా?' అని పిన్ని బెదిరిపోయింది. 'ఇంజెక్షన్ చాలు' అన్నారు డాక్టరు. అదే స్క్లెరోథెరపీ. పాడైన సిరలోకి మందు ఎక్కించి దాన్ని మూసేయడం. పిన్ని లెక్కల టీచరు కదా, వెంటనే అడిగింది: 'మూసేస్తే మరి ఆ రక్తం ఎటు పోతుందండీ?'

మనందరికీ రావాల్సిన సందేహమే ఇది. కాలి రక్తంలో దాదాపు 90 శాతం కండరాల మధ్య లోతుగా ఉండే పెద్ద సిరల ద్వారానే పైకి వెళుతుంది. చర్మం కింద ఉబ్బి కనిపించేవి పక్కదారులు. పాడైన పక్కదారి మూసుకుపోతే రక్తం మంచి దారి పడుతుంది. అందుకే లోపలి సిరలు బాగున్నాయో లేదో స్కాన్‌లో చూడకుండా సూది వేయకూడదు.

వాడే మందులు ముఖ్యంగా రెండు... పోలిడోకెనాల్, సోడియం టెట్రాడెసైల్ సల్ఫేట్. మొదటిది నిజానికి శరీర భాగాన్ని మొద్దుబార్చేందుకు తయారైన మత్తుమందు. సిరల్ని మూసే గుణం ఉందని తర్వాత తెలిసింది. ఈ మందులు సిర లోపలి పొరను దెబ్బతీస్తాయి. గోడలు ముడుచుకుని ఒకదానికొకటి అంటుకుంటాయి. వారాలు, నెలలు గడిచేకొద్దీ ఆ సిర పీచులా మారి శరీరంలో కలిసిపోతుంది. సూది వేశాక కాలికి బిగుతుగా కట్టుకట్టి రోగిని నడిపించే పద్ధతిని 1960లలో డబ్లిన్‌లో జార్జ్ ఫెగన్ అనే సర్జన్ ప్రచారంలోకి తెచ్చారు.

కానీ పెద్ద సిరల్లో ద్రవమందు రక్తంలో కలిసి పలచబడిపోయేది. దీనికి ఇటలీ వైద్యుడు లోరెంజో టెస్సారి 2000లో సులువైన ఉపాయం చెప్పారు. రెండు సిరంజిలు, వాటి మధ్య మూడు దారుల ప్లాస్టిక్ కుళాయి. ఒకదానిలో ఒక వంతు మందు, రెండోదానిలో నాలుగు వంతుల గాలి. అటూ ఇటూ పది ఇరవైసార్లు నెడితే మందు తెల్లటి నురగైపోతుంది, ఫిల్టర్ కాఫీ రెండు గ్లాసుల మధ్య తిరగబోసినట్టు! ఆ నురగ సిరలోని రక్తాన్ని పక్కకు తోసి గోడలకు పట్టుకుంటుంది. స్కాన్‌లో స్పష్టంగా కనబడుతుంది కాబట్టి ఎంతదూరం వెళ్లిందో డాక్టరు చూస్తూనే ఉంటారు. నురగ త్వరగా విరిగిపోతుంది కనక చేసిన వెంటనే ఎక్కించాలి. ఒక విడతలో 10 మిల్లీలీటర్లు దాటొద్దని యూరప్ వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి.

పిన్నికి మత్తు ఇవ్వలేదు, కోత లేదు. అరగంటలో పని పూర్తయింది. బిగుతైన మేజోడు తొడిగి 'అలా కాసేపు నడిచి రండి' అన్నారు. మంచం మీద పడుకోబెట్టి సేవలు చేయాలని ఎదురుచూస్తున్న మా బాబాయికి అదే వింతగా తోచింది! కదలకుండా పడుకుంటే లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, అందుకే ఈ నడక.

అలాగని ఇది మంత్రం కాదు. మూసుకున్న సిర వెంబడి కొన్ని వారాలు గట్టిగా, నొప్పిగా ఉండొచ్చు. గోధుమరంగు మచ్చ పడి నెలల తరబడి ఉండొచ్చు. మందు సిర దాటి బయటికి వస్తే చర్మం పుండవుతుంది. నురగ వేశాక కొందరికి కాసేపు చూపు మసకబారుతుంది, తలనొప్పి వస్తుంది. లోపలి సిరల్లో గడ్డకట్టడం, పక్షవాతం వంటివి చాలా అరుదు. అయినా పిక్క ఒక్కసారిగా వాచినా, ఆయాసమో ఛాతీనొప్పో వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. గర్భిణులకు ఈ ఇంజెక్షన్ వేయరు. కాన్పు తర్వాత చాలామందిలో ఉబ్బులు వాటంతటవే తగ్గుతాయి. గతంలో కాళ్లలో గడ్డకట్టినవారు, గుండెలో రంధ్రం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. 'ఒక్క సిట్టింగ్‌లో కాళ్లు నునుపు' అని బోర్డు పెట్టి, స్కాన్ మాటే ఎత్తని చోట సూది వేయించుకోవడం నా దృష్టిలో తెలివితక్కువ పని.

అందరికీ ఇంజెక్షనే సరిపోతుందనీ కాదు. గజ్జల నుంచి చీలమండ దాకా సాగే పెద్ద సిర మొత్తం పాడైతే లేజర్ లేదా రేడియో ఫ్రీక్వెన్సీతో మూయడమే ముందు ఆలోచించాలని 2013 నాటి బ్రిటన్ మార్గదర్శకాలు చెప్పాయి. అక్కడే దాదాపు 800 మందిపై జరిగిన పరిశోధన ఐదేళ్ల ఫలితాలు 2019లో వచ్చాయి. నురగ కంటే లేజర్, ఆపరేషన్ చేయించుకున్నవారే మెరుగ్గా ఉన్నారు. నురగకు మళ్లీ మళ్లీ విడతలు పడుతుంటాయి. కొమ్మ సిరలకు, మళ్లీ వచ్చిన ఉబ్బులకు, మత్తు, ఆపరేషన్ తట్టుకోలేని పెద్దవాళ్లకు మాత్రం ఇది బాగా పనికొస్తుంది.

పుండు పడ్డవాళ్లకైతే ఆలస్యమే అసలు శత్రువు. బ్రిటన్‌లోనే 450 మందిపై చేసిన మరో అధ్యయనం 2018లో వెలువడింది. పాడైన సిరను తొందరగా మూసినవారిలో పుండు మానడానికి పట్టిన కాలం 56 రోజులు. కట్లు కడుతూ సిర సంగతి తర్వాత చూద్దామన్నవారిలో 82 రోజులు. పిన్ని పోగొట్టుకున్న ఏడాదిన్నర గురించి ఆలోచిస్తే ఈ లెక్క మరీ బాధగా ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి... ఉబ్బిన సిర చిట్లితే రక్తం ధారగా కారుతుంది. కంగారుపడి కుర్చీలో కూర్చోకూడదు, పరుగెత్తకూడదు. వెంటనే పడుకుని, కాలు గుండె కంటే ఎత్తులో పెట్టి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టాలి. ఆ తర్వాతే ఆసుపత్రికి.

పిన్ని పుండు రెండు విడతల ఇంజెక్షన్ల తర్వాత మానింది. నల్లమచ్చ ఇంకా ఉంది. రోజూ పొద్దున్నే మంచం దిగకముందే మేజోడు తొడుక్కోవాలి. మే నెల బెజవాడ ఎండలో అదెంత నరకమో చెప్పి డాక్టరును సెలవడిగింది. 'మీ క్లాసులో ఎండాకాలం అని హోంవర్క్ మానేస్తే ఒప్పుకునేవారా టీచరు గారూ?' అన్నారాయన. 'మే నెలలో బడికి సెలవులేనండీ' అని పిన్ని జవాబు. ఆయన నవ్వేసి పొద్దుట, సాయంత్రం నడిచేటప్పుడైనా వేసుకోమని రాజీకొచ్చారు. కుడి కాలికి వచ్చే నెల స్కాన్ ఉంది.