కారణం తెలియని చికిత్సకు ఖర్చెక్కువ

పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు కలగకపోతే మన ఇళ్ళలో మొదటి ప్రశ్న కోడలికే. ఆస్పత్రి మెట్లు ముందు ఎక్కాల్సిందీ ఆమే. ఈ అలవాటు ఎంత తప్పో చూపే సాక్ష్యం హైదరాబాద్‌లో తార్నాక దాటగానే వచ్చే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో ఎప్పుడో దొరికింది. వీర్యంలో శుక్రకణాలే లేని 340 మంది పురుషులను అక్కడి శాస్త్రవేత్తలు పరీక్షించి, 8.5 శాతం మందికి వై క్రోమోజోమ్‌లో కొన్ని భాగాలు లేవని 2003లో ప్రకటించారు. మందులు ఆ ఖాళీని పూడ్చలేవు. ఇలాంటి వారిలో కొందరి వృషణాల నుంచి శుక్రకణాన్ని తీసి అండంలోకి ఎక్కించవచ్చు. కానీ అలా కొడుకు పుడితే తండ్రి లోపం వాడికీ వస్తుంది. లక్షలు ఖర్చుపెట్టే ముందు దంపతులకు తెలియాల్సిన విషయం ఇది. సంతాన సాఫల్య కేంద్రాలు వీధి వీధికీ వెలుస్తున్న ఈ నగరంలో, కారణాలను వెతికే ప్రయోగశాలలకు ప్రజాధనం మరింత దక్కాలనడానికి ఇదొక్కటే చాలు.

కేంద్రాలే ఆ పరిశోధన చేసుకోవచ్చు కదా అంటారు. చరిత్ర అలా లేదు. స్ఖలనమైన వెంటనే శుక్రకణం అండాన్ని ఫలదీకరించలేదనీ, స్త్రీ శరీరంలో కొంతసేపు గడిపాకే ఆ శక్తి వస్తుందనీ 1951లో చాంగ్, ఆస్టిన్ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా కనిపెట్టారు. ఎలుకలాంటి చిన్న జంతువు హామ్‌స్టర్ అండాలను 1963లో యానాగిమాచి, చాంగ్ గాజుపాత్రలో ఫలదీకరించారు. హామ్‌స్టర్ కోసం బావిస్టర్ తయారుచేసిన ద్రావణమే కేంబ్రిడ్జిలో ఎడ్వర్డ్స్‌కు మానవ అండం విషయంలోనూ పనికొచ్చింది. ఆ దారే 1978లో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు లూయీ బ్రౌన్ పుట్టుకకు చేరింది. రోగి ఎదురుగా కూర్చున్న వైద్యుడికి ఇరవై ఏడేళ్ళు ఆగే వీలుండదు. సీసీఎంబీలో శాస్త్రవేత్త శివాజీ బృందం హామ్‌స్టర్ శుక్రకణాలు ఫలదీకరణ శక్తిని పొందేటప్పుడు వాటి ప్రోటీన్లలో వచ్చే మార్పులను ఏళ్ళ తరబడి గమనించింది ఇలాంటి ఓపికతోనే.

జనాభా కిటకిటలాడే దేశంలో ఇదెందుకన్నది మరో అభ్యంతరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో స్త్రీకి సగటు సంతానం తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7, జనాభా నిలకడకు కావాల్సింది 2.1. పైగా శుక్రకణం అండాన్ని ఎలా చేరుతుందో తెలిస్తేనే దాన్ని ఆపే మెరుగైన గర్భనిరోధకమూ సాధ్యం. జంతువుల మీద ప్రయోగాలన్న అభ్యంతరం మాత్రం బరువైనదే. కణాలతో తేలే ప్రశ్నకు ప్రాణిని వాడకూడదు. అయితే ఈ జ్ఞానం జంతువులకూ తిరిగి అందుతోంది: సీసీఎంబీకి చెందిన వన్యప్రాణి సంరక్షణ ప్రయోగశాల లాకోన్స్ కృత్రిమ గర్భధారణతో 2006లో చుక్కల జింక పిల్లను, 2007లో కృష్ణజింక పిల్లను పుట్టించింది.

ఉస్మానియా విశ్వవిద్యాలయ క్యాంపస్, జాతీయ పోషకాహార సంస్థ, రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ, సీసీఎంబీ అన్నీ తార్నాక చుట్టుపక్కలే ఉన్నాయి. చికిత్స కేంద్రాలూ నగరమంతా ఉన్నాయి. లేనిదల్లా వీటి మధ్య దారి. సంతాన సాఫల్య కేంద్రాలను నియంత్రించే చట్టం 2021లోనే వచ్చింది. దంపతుల అనుమతితో, పేర్లు తొలగించిన నమూనాలు, వివరాలు ప్రభుత్వ ప్రయోగశాలలకు చేరే ఏర్పాటును ఇక రాష్ట్రం చేయాలి. ఆ పనిలో ఉస్మానియా విద్యార్థులకు ఫెలోషిప్పులివ్వాలి. భర్తకు పరీక్ష చేయకుండా భార్యకు చికిత్స మొదలుపెట్టరాదన్న నిబంధనను అంతకన్నా ముందే తేవచ్చు. దానికి కొత్త పరిశోధన ఏదీ అక్కర్లేదు.